మాయమైన ఎర్ర గీతలు

సర్వేయరమ్మ ఆఫీసుకు ఇరవై ఆరు మెట్లు. వాటి మీద అడుగుల చప్పుడు విని, వస్తున్నవాళ్ళ గొడవేమిటో ఆవిడ సగం చెప్పేయగలదని గుమాస్తా నమ్మకం. ఆ శుక్రవారం ఉదయం వచ్చిన మనిషి మెట్ల మీద నాలుగుసార్లు ఆగాడు. ఒకసారి కిందికి దిగిపోయి మళ్ళీ ఎక్కాడు.

"దొంగతనం కాదు," అంది సర్వేయరమ్మ టీ గ్లాసు పక్కన పెడుతూ. "దొంగలు పడితే పరుగెత్తుకొస్తారు. ఇది ఇంటివాళ్ళ మీద ఫిర్యాదు. అందుకే కాళ్ళు రానంటున్నాయి."

గుమాస్తా కళ్ళు మెరిశాయి. పదకొండేళ్ళుగా అవి రోజూ మెరుస్తూనే ఉన్నాయి, పాపం, ఆ మనిషికి విసుగంటే ఏమిటో తెలియదు. సర్వేయరమ్మ ఒకప్పుడు బీమా కంపెనీలో సర్వేయరుగా పనిచేసేది. కాలిపోయిన గోదాముల్లో బూడిద కెలికి, నిప్పు దానంతటదే రాజుకుందో, ఎవరైనా అంటించారో తేల్చేది. ఉద్యోగం వదిలి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టినా ఆ పేరు మాత్రం వదల్లేదు. గుమాస్తా కోర్టులో నకళ్ళు రాసి రాసి వచ్చినవాడు. ఏ కాగితమైనా ఆఖరి అక్షరం దాకా చదవనిదే కింద పెట్టడు. ఈ కేసు తేలిందంటే ఆ ఇద్దరి అలవాట్ల వల్లే తేలింది. తేలి ఎవరికేం ఒరిగిందని మాత్రం అడక్కండి.

వచ్చినవాడికి ముప్ఫై ఏళ్ళుంటాయి. బొటనవేలి మీద సూది గుచ్చుకున్న మచ్చలు, ఒంటి మీద తోలు వాసన, జిగురు వాసన. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మా అన్నయ్య నాన్నని నేను రెండోసారి చంపానంటున్నాడండీ," అన్నాడు. అని, ఏడ్చేశాడు.

సర్వేయరమ్మ మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపింది. "మొదటిసారి ఎవరు చంపారు?"

"ఎవరూ చంపలేదండీ. గుండె ఆగింది. ఎనిమిది నెలలైంది."

"అయితే రెండోసారి సంగతి మొదట్నుంచి చెప్పు బాబూ. తొందరేం లేదు."

వాళ్ళది బూట్లు కుట్టే కార్ఖానా. అందరి కాళ్ళకూ పట్టే బూట్లు కావవి. ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు ఉన్నవాళ్ళకీ, వేళ్ళు మెలిపడినవాళ్ళకీ, మడమ నేలకానని వాళ్ళకీ కుట్టే బూట్లు. కొనేవాళ్ళు ఎక్కడెక్కడో ఉంటారు. కాగితం మీద పాదం పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకుని, పాదాన్నీ గీతనీ ఫొటో తీసి వాళ్ళ ఆన్‌లైను దుకాణంలో పెడతారు. తండ్రి ఆ బొమ్మని తెర మీద తెరిచి, వేలితోనే ఎర్ర గీతలు గీసేవాడు. ఇక్కడ నొక్కుకుంటుంది, వదులు పెట్టు. ఇక్కడ రెండు తోళ్ళ మందం ఎత్తు. కొడుకులిద్దరూ ఆ గీతల ప్రకారం కుట్టేవాళ్ళు.

"నాలుగొందల పన్నెండు మందివండీ. నాన్న పోయాక కూడా ఆ గీతలే మాకు పని చెప్తున్నాయి. ఆయన గీసిన దాన్ని చూసి కుట్టడం వచ్చు గానీ, గీయడం మా ఇద్దరికీ రాదు. నేర్చుకుందాం లే, నేర్చుకుందాం లే అనుకుంటూ ఉండగానే..." చిన్నవాడు ఆగాడు. "నిన్న పన్నెండో తారీకు పొద్దున లేచి చూస్తే ఒక్క బొమ్మ లేదు. పేర్లున్నాయి, చిరునామాలున్నాయి, సైజులున్నాయి. బొమ్మలుండే చోట తెల్ల డబ్బాలు."

"ఒక్కటి కూడా లేదా?"

"ఈ నెల్లాళ్ళలో కొత్తగా వచ్చిన ఏడుగురివి ఉన్నాయండీ. వాటి మీద నాన్న గీత ఉండదు కదా, ఉండి ఏం లాభం."

సర్వేయరమ్మ గుమాస్తా వైపు చూసింది. గుమాస్తా 'ఏడు' అని రాసుకున్నాడు. ఎందుకో అతనికి తెలియదు.

"దుకాణం అద్దెదా, సొంతదా?" అడిగింది ఆవిడ.

"ఆ గొడవే కదండీ మా కొంప ముంచింది! ఆరేళ్ళుగా అద్దె కొట్టే. ఒక పెద్ద కంపెనీ సైటు. షట్టరు వాళ్ళది, తాళం వాళ్ళది, కప్పు కారితే వాళ్ళే చూసుకుంటారు. మనం సరుకు సర్దుకుని నెలనెలా అద్దె కట్టడమే. బాగానే ఉండేది. పోయిన ఏడాది ఒకరోజు కొట్టు మూసేశారు. ఎందుకంటారా? బట్టల్లేని శరీర భాగాల ఫొటోలు పెట్టామట."

గుమాస్తాకు నవ్వాగలేదు.

"పాదాలండీ! బూట్లు కుట్టేవాడికి జనం పాదాలు పంపకపోతే ముక్కులు పంపుతారా? చెప్పుకుందామంటే ఫోన్ నంబరు లేదు. ఉత్తరం రాస్తే 'మీ సందేశం మాకెంతో ముఖ్యం' అని మర దగ్గర్నుంచి జవాబు. నాలుగు రోజులు మూత. ఐదో రోజు ఎందుకు తెరిచారో చెప్పకుండానే తెరిచారు. అప్పుడే అనుకున్నా, మన కంప్యూటరు, మన తాళం ఉండాలని. అన్నయ్య ఒప్పుకోలేదు. సొంత కొట్టంటే కప్పు కారినప్పుడల్లా నువ్వే తట్ట పట్టుకోవాలిరా అంటాడు. ఏడాది పాటు ఉప్పూ నిప్పూ. చివరికి నా పంతమే నెగ్గింది. పోయిన నెల పన్నెండున సొంతది తెరిచాం. తేడా వస్తే వెనక్కి పోడానికి పాతది మూడు నెలలు అట్టే ఉంచాలని అన్నయ్య షరతు."

"పాతదాంట్లో బొమ్మలు చూశారా మరి?"

"నిన్నే చూశాం. 'ఈ దుకాణం యజమాని కోరిక మేరకు మూసివేయబడింది' అని ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. వెనక్కి పోయే దారి లేకుండా నేనే మూశానంటాడు అన్నయ్య. నాకేమో... అనకూడదు గానీ, సొంతది పనికిరాదని చూపించడానికి వాడే ఇదంతా చేశాడనిపిస్తోంది." అతను తల దించుకున్నాడు. "సోమవారం వడ్రంగి వస్తాడండీ. కార్ఖానాకి మధ్యలో చెక్క గోడ కట్టి రెండు ముక్కలు చేస్తారు. చెక్కలు వచ్చేశాయి. అన్నయ్య అమ్మని ఎటువైపు ఉంటావో తేల్చుకోమన్నాడు. ఆవిడ నిన్నట్నుంచి నోరు విప్పట్లేదు."

సర్వేయరమ్మ లేచి గొడుగు తీసుకుంది. "సోమవారం లోపల తేల్చాలి. పద."

కార్ఖానా అంటే వీధి వైపు ఒక చిన్న గది, దాని వెనక పొడుగాటి హాలు. హాలు ముందు భాగంలో రెండు కుట్టు మిషన్లు, వెనక గోడకి పొయ్యి, అరల నిండా బూట్లు కుట్టడానికి పాదాల ఆకారంలో చెక్కిన కర్ర అచ్చులు. తలుపు పక్కన పన్నెండు కొత్త చెక్కలు ఒద్దికగా ఆనించి ఉన్నాయి. వాటి వైపు చూడకుండా నడవడం ఆ ఇంట్లో అందరికీ అప్పటికే అలవాటైపోయింది. కంప్యూటరు బల్ల పైన, గోడకి మేకు కొట్టిన తోలుముక్క మీద, పాత కొట్టు తాళపు మాట, అదే పాస్‌వర్డు, అందరికీ కనిపించేలా రాసి ఉంది.

"ఇది ఎవరెవరికి తెలుసు?" అడిగింది సర్వేయరమ్మ.

"గోడకి తెలిసిన మాట ఊరికి తెలియదా!" అన్నాడు పెద్దవాడు. నలభై దాటిన భారీ మనిషి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "నాకు, వాడికి, అమ్మకి, ఆ సైటు కట్టిన మహానుభావుడికి."

"బుధవారం రాత్రి నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లో. నిద్రపోయాను."

"పోయిన నెల పన్నెండున?"

పెద్దవాడు నొసలు చిట్లించాడు. "బొమ్మలు పోయింది నిన్న కదా? ఆ రోజుతో ఏం పని?"

"నేను అడిగేది అదే."

"పదింటికి ఆసుపత్రికి వెళ్ళాను. ముగ్గురికి బూట్లు తొడిగి, నడిపించి చూసి, రెండింటికి వచ్చాను. వీళ్ళు కొత్త కొట్టు తెరిచి ఫొటోలు దిగుతున్నారు. ఇల్లలకగానే పండగ అయిపోతుందా అని ఒక్క మాట అన్నాను. అంతే."

"ఆ తర్వాత పాత కొట్టు ఎప్పుడైనా తెరిచి చూశావా?"

"ఎందుకు చూస్తాను? నన్నడిగి మార్చారా?" అన్నాడు. ఆ మూతి ముడవడం చూస్తే నలభై ఏళ్ళవాడని ఎవరూ అనుకోరు.

సైటు కట్టిన ఇంజనీరుని పిలిపించారు. వాళ్ళ వీధివాడే, సన్నగా, భయంభయంగా ఉన్నాడు. తను ఏ పాపం ఎరగనని ముందే మూడుసార్లు చెప్పాడు.

"నీ కొత్త దుకాణంలో పాత బొమ్మలు ఎక్కడ దాచావు?" అడిగింది సర్వేయరమ్మ.

"అసలు... దాచలేదండీ."

చిన్నవాడు ఉలిక్కిపడ్డాడు.

"పేర్లు, సైజులు, చిరునామాలు దించాను. బొమ్మలు పెద్దవి కదా, చాలా టైం పడుతుంది. అందుకని పాత చోటే ఉంచి, అక్కడ్నుంచి కనిపించేలా కలిపాను. పాతది మూడు నెలలు ఉంటుందన్నారు. మెల్లగా దించుదాం లే అనుకున్నా."

"అంటే, కొత్తింటి గోడకి కిటికీ పెట్టి, పక్కింట్లో వేలాడే పటాలు చూపించావు."

"అంతేనండీ."

"నాకెందుకు చెప్పలేదు?" అరిచాడు చిన్నవాడు.

"కనిపిస్తున్నాయా అని అడిగావు, కనిపిస్తున్నాయన్నాను. ఎక్కడున్నాయని నువ్వడగలేదుగా!"

గుమాస్తాకి అప్పుడు 'ఏడు' ఎందుకు రాయించిందో అర్థమైంది. కొత్త దుకాణం తెరిచాక వచ్చిన ఏడూ కొత్తింట్లోనే చేరాయి కాబట్టి బతికాయి. అతను సర్వేయరమ్మ వైపు దేవుణ్ణి చూసినట్టు చూశాడు. ఆవిడ పట్టించుకోలేదు.

"కొట్టు తెరిచిన రోజు పెద్దబ్బాయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీరిద్దరూ ఎక్కడున్నారు?"

"ముందు గదిలో," అన్నారు ఇద్దరూ. "కుట్టిన బూట్లన్నీ బయట పెట్టి ఫొటోలు తీస్తున్నాం. మధ్యాహ్నం దాకా అదే పని."

ఆవిడ నెమ్మదిగా పొయ్యి దగ్గరికి నడిచింది. పొయ్యి ముందు చిన్న పీట మీద తల్లి కూర్చుని ఉంది. అరవై అయిదేళ్ళుంటాయి. ఒళ్ళో సగం కుట్టిన బూటు, చేతిలో సూది లేదు. సర్వేయరమ్మ పక్కనే నేల మీద చతికిలబడి, ఇనుప చువ్వతో బూడిద కెలికింది. పాత అలవాటు, ఎక్కడ బూడిద కనబడినా చెయ్యి ఊరుకోదు. అడుగున సగం కాలిన కర్ర పాదం ఒకటి బయటపడింది.

"దీన్ని కాల్చారేమిటమ్మా?"

తల్లి నిన్నట్నుంచి మొదటిసారి మాట్లాడింది. "అరిగిన అచ్చమ్మా. కొత్త అచ్చు చెక్కిన రోజే పాతది పొయ్యిలో పెట్టాలి. ఆయన పద్ధతి. పెళ్ళయిన కొత్తలో ఒకసారి కొత్తదీ పాతదీ ఒకే అరలో పెట్టారు. పొరపాటున అరిగినదాని మీద కుట్టారు. ఆ బూటు తొడుక్కున్నావిడ వేలు పుండు పడి, తీసెయ్యాల్సి వచ్చింది. ఆ రోజంతా ఆయన అన్నం తినలేదు. రెండూ ఉంచకూడదు, ఉంచితే ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి పాతదాని మీదికే పోతుంది అనేవాడు. ఆ కాల్చే పని మాత్రం నాకే అప్పగించాడు. నేనైతే మర్చిపోనని."

"ఆయన ఫోనుందా?"

అరలోంచి తీసి ఇచ్చింది. కళ్ళజోడుతో కలిపి రుమాల్లో చుట్టి ఉంది. ఎనిమిది నెలలుగా ఎవరూ ముట్టుకోలేదు. పాత దుకాణం ఆయన పేరు మీదే ఉంది, ఉత్తరాలన్నీ ఆ ఫోనుకే వచ్చేవి. సర్వేయరమ్మ దాన్ని తల్లి చేతుల్లోనే పెట్టింది. "ఆదివారానికి ఛార్జింగు పెట్టి ఉంచండమ్మా. ఎవరికీ ఇవ్వకండి, నేను వచ్చాకే తెరుద్దాం."

దారిలో గుమాస్తా ఉండబట్టలేకపోయాడు. "నిన్న పోయిన బొమ్మలకి నెల కిందటి సంగతులన్నీ ఎందుకు అడిగారమ్మా?"

"పత్తి గోదాము కాలినప్పుడు మంట కనబడిన రోజు పట్టుకుని వేలాడకూడదయ్యా. బేళ్ళ లోపల వారాల తరబడి రాజుకుంటుంది. మంట కనబడిన రోజు అందరూ ఇంట్లో నిద్రపోతూనే ఉంటారు. అంటుకున్న రోజు కావాలి మనకి. ఆ కంపెనీ వాళ్ళు అద్దెకిచ్చేటప్పుడు ఏం రాయించుకున్నారో చదువు."

ఒప్పందం నలభై మూడు పేజీలు. ఒప్పుకుంటున్నాం అని నొక్కేవాళ్ళే గానీ, దాన్ని చదివిన మానవుడు భూమ్మీద ఇంకొకడు ఉండడు. గుమాస్తా శనివారం పొద్దున కూర్చుని, మధ్యాహ్నం భోజనం చేతిలో పెట్టుకుని చదివి, ముప్ఫై ఒకటో పేజీ దగ్గర ఆగాడు. పైకి చదివాడు:

"'యజమాని కోరిక మేరకు మూసిన దుకాణము వెంటనే కనిపించకుండా పోవును. అందలి బొమ్మలు, దస్తావేజులు ముప్ఫై దినములు యథాతథముగా నుంచబడును. ఆ పిదప శాశ్వతముగా తుడిచివేయబడును. తిరిగి ఇచ్చుట సాధ్యపడదు.'"

పోయిన నెలకి ముప్ఫై రోజులే. పన్నెండు నుంచి పన్నెండుకి గుమాస్తా వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టాడు. లెక్కపెడుతూనే, కొట్టు తెరిచిన పూట కంప్యూటరు ఉన్న హాల్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో అతనికీ తట్టింది. చెయ్యి దించేశాడు.

సర్వేయరమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. పొద్దుట్నుంచి ఆ కంపెనీకి తొమ్మిది ఉత్తరాలు రాసింది. తొమ్మిదింటికీ వాళ్ళకి ఆవిడ సందేశం ఎంతో ముఖ్యమని జవాబు వచ్చింది.

"చెప్పకుండా ఉంటేనో అమ్మా?" అన్నాడు గుమాస్తా.

"సోమవారం గోడ లేస్తుంది."

"చెబితే?"

ఆవిడ అతని చేతిలోంచి కాగితాలు తీసుకుని ముప్ఫై ఒకటో పేజీ మళ్ళీ చదువుకుంది. పదకొండేళ్ళలో గుమాస్తా చదివినదాన్ని ఆవిడ మళ్ళీ చదవడం అదే మొదలు. అతనికి ఎందుకో భయమేసింది.

ఆదివారం పదింటికి అందరినీ కార్ఖానాలో కూర్చోబెట్టింది. అన్నదమ్ములు చెరో మూల, ఇంజనీరు తలుపు దగ్గర, తల్లి పొయ్యి ముందు పీట మీద. ఫోను తల్లి ఒళ్ళోనే ఉంది.

"బుధవారం రాత్రి ఎవరూ ఏమీ చేయలేదు," అని మొదలుపెట్టింది సర్వేయరమ్మ. "ముందు ఆ అనుమానం వదిలేయండి. పాత దుకాణం మూసి నెలైంది. మూసినా బొమ్మల్ని ముప్ఫై రోజులు ఉంచడం ఆ కంపెనీ పద్ధతి. అందుకే కిటికీలోంచి మీకు అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ముప్ఫై రోజులు నిండిన పొద్దున తుడిచేశారు. చెప్పకుండా మూశారా అంటే, చెప్పారు. మీ నాన్నగారికి చెప్పారు. ఆ ఫోను ఒకసారి తెరవండమ్మా."

తల్లి ఫోను తెరిచింది. ఆయన దానికి తాళం పెట్టేవాడు కాదు. ఎనిమిది నెలల ఉత్తరాలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. చిన్నవాడు వంగి పైకి చదివాడు. ఒకటి పోయిన నెల పన్నెండో తారీకు, ఉదయం పదకొండు ఇరవై: మీ కోరిక మేరకు దుకాణం మూశాము, ముప్ఫై రోజుల్లో మనసు మార్చుకోవచ్చు. ఇంకొకటి: ఇంకా పది రోజులు. ఇంకొకటి: ఇంకా మూడు రోజులు. ఆఖరిది: ఈ రోజే ఆఖరు.

నాలుగు ఉత్తరాలూ నెల్లాళ్ళ పాటు ఆ అరలోనే, కళ్ళజోడు పక్కన, రుమాల్లో ఉన్నాయి.

"పదకొండు ఇరవైకి పెద్దబ్బాయి ఆసుపత్రిలో ఉన్నాడు," అంది సర్వేయరమ్మ. ఆవిడ గొంతు ఎప్పటికంటే నెమ్మదిగా ఉంది. "చిన్నబ్బాయి, ఇంజనీరు ముందు గదిలో ఫొటోలు తీస్తున్నారు. ఈ హాల్లో..."

"నేనున్నాను," అంది తల్లి.

అన్నదమ్ములిద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"నేనే మూశానమ్మా. అందులో దాపరికం ఏముంది? ఆరేళ్ళుగా రోజూ దాంట్లో ఆర్డర్లు చూసేది నేనేగా, ఎక్కడ నొక్కాలో నాకు తెలుసు. చిన్నోడు వచ్చి అమ్మా, కొత్తది తయారైంది అన్నాడు. అచ్చులు కాల్చినట్టే అదీ మూశాను. రెండూ ఉంచకూడదు కదా? ఎవరో ఒకరు పొరపాటున పాతదాంట్లో ఆర్డరు పెడతారు, మనం చూసుకోం, వాళ్ళు బూట్ల కోసం ఎదురుచూస్తారు. కానీ నేను మూసి నెలైంది. నెల్లాళ్ళు బొమ్మలు లక్షణంగా కనిపించాయి. మొన్న పోయినవాటికీ దానికీ ఏం సంబంధం? వీళ్ళిద్దరూ బుధవారం రాత్రి, బుధవారం రాత్రి అని అరుచుకుంటుంటే, నా మనసు పీకుతూనే ఉంది. చెబుదామంటే నోరు రాలేదు. సంబంధం లేదు లే అనుకున్నా." ఆవిడ సర్వేయరమ్మ ముఖంలోకి చూసింది. "ఉందా అమ్మా?"

ఇరవై ఏళ్ళు బూడిద కెలికిన మనిషి, ఎదుటివాడి అబద్ధాన్ని కళ్ళార్పకుండా పట్టుకున్న మనిషి, ఆ ముసలావిడ చూపు తట్టుకోలేక తల పక్కకి తిప్పుకుంది. "ఉందమ్మా," అంది.

"ఆయన చెప్పిందే చేశానురా," అంది తల్లి కొడుకులతో. "ఆయన చెప్పిందే చేశాను."

పెద్దవాడు లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. సర్వేయరమ్మ అతని వైపు తిరిగింది. "పాతది మూడు నెలలు ఉంచాలన్న షరతు నీది. అమ్మకి చెప్పావా?"

"వాడు చెప్పాడనుకున్నా."

"నువ్వు?" అని చిన్నవాణ్ణి అడిగింది.

"అమ్మకెందుకు ఆ గొడవంతా అనుకున్నానండీ," అన్నాడు చిన్నవాడు.

"రోజూ ఆ కొట్టు తాళం తీసి వేసేది ఆవిడ. ఆవిడకి తప్ప అందరికీ తెలుసు. మీ అన్న అలిగి నెల్లాళ్ళు పాత కొట్టు ముఖం చూడలేదు. నువ్వు బొమ్మలు ఎక్కడున్నాయో అడగలేదు. ఇతను దించలేదు. తిలాపాపం తలా పిడికెడు. నేరస్తుణ్ణి పట్టివ్వమని పిలిచారు. నా దగ్గర ఉన్నది ఇదే."

"ఇంకేం దారి లేదా అండీ?" ఇంజనీరు ఏడుపు గొంతుతో అడిగాడు. "అక్కడెవరైనా మనిషి ఉంటే..."

"తొమ్మిది ఉత్తరాలు రాశాను. మనిషి ఉన్నాడో లేడో కూడా తెలియలేదు."

పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు. కోపమంతా దిగిపోయి, ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలన్నట్టు అడిగాడు. "పోనీ ఇప్పుడేం చేయమంటారు? మళ్ళీ అద్దె కొట్టుకి పోవాలా? సొంతదాంట్లోనే ఉండాలా? మీరే చెప్పండి, ఏది మంచిది?"

"నేను అంతా కాలిపోయాక వచ్చేదాన్ని బాబూ," అంది సర్వేయరమ్మ. "ఎక్కడ కట్టుకుంటే కాలదో నాకు తెలియదు."

ఆ మాటకి గుమాస్తా చూపు కూడా నేల మీదికి వాలింది. ఇలాంటప్పుడు ఆవిడ లేచి గొడుగు తీసుకుని బయల్దేరుతుంది. ఆ రోజు లేవలేదు. తల్లి పక్కనే నేల మీద కూర్చుంది.

తల్లి చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. "కాగితం తేరా," అంది చిన్నవాడితో. "నాలుగొందల పన్నెండు మంది పేర్లున్నాయిగా. అందరికీ ఫోన్లు చేద్దాం. మళ్ళీ గీసి పంపమందాం. ఎక్కడ నొక్కుకుంటుందో, ఆయన ఎక్కడ వదులు పెట్టేవాడో వాళ్ళ కాళ్ళకి గుర్తుండదా? ఎవరి నొప్పి వాళ్ళకి తెలుసు. ముందు నాది గీయండి. ఆయన మొట్టమొదటి గీత నా కాలికే పెట్టాడు."

నేల ఎగుడుదిగుడుగా ఉంది. పెద్దవాడు తలుపు దగ్గరికి వెళ్ళి, రేపటి గోడ కోసం తెచ్చిన చెక్కల్లోంచి ఒకటి తీసుకొచ్చి పొయ్యి ముందు పరిచాడు. చిన్నవాడు దాని మీద కాగితం పెట్టాడు. తల్లి చెప్పు విడిచి కుడి పాదం మోపింది. చిటికెన వేలు పక్కవేలు మీదికి ఎక్కి ఉంది. చిన్నవాడు చుట్టూ నల్ల పెన్సిలుతో గీసి, ఎర్ర పెన్సిలు తీశాడు.

ఆవిడ కాలు తీసి, వంగి, గీత లోపల చిటికెన వేలి చోట వేలు పెట్టింది. "ఇక్కడ."

అతను పెన్సిలు ఆనించబోయాడు.

"ఉండరా. ఇక్కడ కాదు." వేలు అరంగుళం వెనక్కి జరిగింది. "ఇక్కడ." కాసేపు చూసి మళ్ళీ ముందుకి జరిపింది. "ఇక్కడేమో. ఆయన గీస్తుంటే నేనెప్పుడూ సరిగా చూడలేదురా. గీసుకుంటాడులే అనుకునేదాన్ని."

పెద్దవాడు కాగితం కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. చిన్నవాడు ఎర్ర పెన్సిలు గాలిలో పట్టుకుని ఎదురుచూశాడు. గీత ఎక్కడ పెట్టాలో ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు.